శ్రీనగర్ నుంచి లేహ్: దూరం ఎంత, విమానంలో ఎంతసేపు, ఏ దారిన వెళ్తే మేలు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. శ్రీనగర్ నుంచి లేహ్‌కి దూరం ఒక చోట 256 కిలోమీటర్లనీ, ఇంకో చోట 420 అనీ కనిపిస్తోంది. విమానంలో అయితే ఒక సైటు 20 నిమిషాలంటోంది, ఇంకొకటి గంట అంటోంది. తీరా టికెట్ కోసం వెతికితే 20 గంటలకు పైగా చూపిస్తోంది. జూన్‌లో అరవై దాటిన అమ్మానాన్నలను తీసుకుని హైదరాబాద్ నుంచి బయల్దేరుతున్నారు. కశ్మీర్ చూసుకుని లేహ్‌కి విమానంలో వెళ్లాలా, రోడ్డు మీద వెళ్లాలా అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబు. రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా గీత గీస్తే సుమారు 256 కిలోమీటర్లు. ఎన్‌హెచ్-1 మీద రోడ్డు దూరం సుమారు 420. నేరుగా వెళ్లే విమానం దొరికితే టికెట్ మీద 50 నిమిషాల నుంచి గంట దాకా ఉంటుంది, అందులో గాల్లో ఉండేది 35–40 నిమిషాలు. ఢిల్లీ మీదుగా వెళ్తే చాలాసార్లు ఒక రాత్రి పోతుంది. రోడ్డు మీద చక్రం తిరిగే సమయమే 11 నుంచి 13 గంటలు, కాబట్టి మధ్యలో ఒక రాత్రి ఆగాల్సిందే.

మీ పరిస్థితికి నా సలహా: వెళ్లేటప్పుడు రోడ్డు మీద వెళ్లండి, వచ్చేటప్పుడు లేహ్ నుంచి ఢిల్లీకి విమానం ఎక్కండి. తారుమారు చేయొద్దు. ఎందుకో వివరంగా చెబుతాను.

256 ఎక్కడిది, 420 ఎక్కడిది

రెండూ నిజమైన అంకెలే, కొలిచిన తీరు వేరు. మొదటిది మీరే కాగితం మీద లెక్కకట్టి చూసుకోవచ్చు. శ్రీనగర్ విమానాశ్రయం రేఖాంశం దాదాపు 74.77 డిగ్రీలు, లేహ్‌ది 77.55. తేడా 2.78 డిగ్రీలు. రెండూ 34 డిగ్రీల అక్షాంశం దగ్గరే ఉన్నాయి. భూమధ్యరేఖ మీద ఒక డిగ్రీ రేఖాంశం అంటే 111 కిలోమీటర్లు, ఉత్తరానికి పోయేకొద్దీ అది కుంచించుకుపోతూ 34 డిగ్రీల దగ్గర 92 కిలోమీటర్లవుతుంది. 2.78ని 92తో హెచ్చిస్తే 256. అక్షాంశంలో తేడా 16 కిలోమీటర్లే, ఫలితాన్ని అది పెద్దగా మార్చదు.

మనకు తెలిసిన చోటుతో పోలిస్తే బాగా అర్థమవుతుంది. శంషాబాద్ నుంచి గన్నవరానికి నేరుగా గీత గీస్తే 264 కిలోమీటర్లు. అంటే శ్రీనగర్–లేహ్ కంటే కాస్త ఎక్కువే. కానీ హైదరాబాద్–విజయవాడ రోడ్డు 275 కిలోమీటర్లే, గీతకూ రోడ్డుకూ పెద్ద తేడా లేదు. ఇక్కడేమో అంత దూరానికే 420. ఈ అదనపు 160 కిలోమీటర్లూ హిమాలయం అడ్డం రావడం వల్ల వచ్చినవి.

రోడ్డు నదులను పట్టుకుని పోతుంది. శ్రీనగర్ దాటాక సింధ్ నాలా ఒడ్డున సోన్‌మార్గ్ దాకా ఎక్కుతుంది. (ఈ సింధ్ జీలం ఉపనది, మనం చదువుకున్న సింధు నది కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.) తర్వాత జోజిలా కనుమ దాటి ద్రాస్ నది వెంట కార్గిల్‌కి దిగుతుంది. అక్కడి నుంచి మళ్లీ రెండు కనుమలు ఎక్కి దిగి, ఖల్సే దగ్గర అసలు సింధు నదిని కలుసుకుని, దాని వెంటే లేహ్ చేరుతుంది. సోన్‌మార్గ్ దగ్గరి సొరంగం తప్పిస్తే, కొండను కోసుకుంటూ తిన్నగా పోయే రోడ్డు కాదిది.

విమాన సమయం: 20 నిమిషాలు ఎందుకు తప్పు

ఆ సైట్లు చేసేది ఒకటే: దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించడం. 256ని 800తో భాగిస్తే 19 నిమిషాలు. కానీ విమానం నేల మీంచి లేచిన వెంటనే ఆ వేగంతో పోదు, ఆ వేగంతో దిగదు కూడా.

ఏ చిన్న దూరానికైనా నేను వాడే లెక్క: దూరాన్ని 800తో భాగించి, దానికి 30 నిమిషాలు కలపండి. ఆ అరగంటలో తలుపు మూశాక రన్‌వే దాకా పోవడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించి వరుసలోకి రావడం, దిగాక ఆగే చోటికి చేరడం అన్నీ ఉంటాయి. శ్రీనగర్–లేహ్‌కి 19 + 30 = 49 నిమిషాలు. ఢిల్లీ–లేహ్ దూరం 620 కిలోమీటర్లు, అంటే 46 + 30 = గంటా 16 నిమిషాలు. శ్రీనగర్–ఢిల్లీ 642 కిలోమీటర్లు, అంటే గంటా 18 నిమిషాలు. టికెట్ల మీద వీటికంటే ఓ పది పదిహేను నిమిషాలు ఎక్కువే వేస్తారు, రద్దీకి వెసులుబాటుగా.

శ్రీనగర్–లేహ్ విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. ఆ 256 కిలోమీటర్ల గీత నున్–కున్ శిఖరాలకు కాస్త ఉత్తరంగా పోతుంది. నున్ ఎత్తు 7,135 మీటర్లు, అంటే 23,400 అడుగులు. దానిమీద భద్రతకు ఎడం ఉంచుకోవాలంటే విమానం 25 వేల అడుగులకు పైనే ఎగరాలి. అంత ఎత్తు ఎక్కేసరికే సగం దూరం అయిపోతుంది, ఎక్కీ ఎక్కగానే దిగడం మొదలుపెట్టాలి. తిన్నగా సాగే భాగం దాదాపు ఉండదు. అందుకే దూరం తక్కువని సమయం అంతగా తగ్గదు.

కిటికీ సీటు దొరికితే శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లేటప్పుడు కుడివైపు తీసుకోండి, నున్–కున్ ఆ వైపే పడాలి. అయితే ఆ రోజు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్లు ఇచ్చే దారిని బట్టి ఇది మారవచ్చు. రెండూ రక్షణ దళాల ఎయిర్‌ఫీల్డులు కాబట్టి సిబ్బంది కిటికీ మూయమంటే మూయాలి. రన్‌వే మీద ఫొటోలు, వీడియోలు అసలు తీయకూడదు.

లేహ్‌లో విమానాలు పొద్దున్నే ఎందుకు

మీ ప్రణాళిక మొత్తాన్ని నిర్ణయించేది ఇదే. దూరం కంటే, సమయం కంటే ముందు దీన్ని అర్థం చేసుకోవాలి.

లేహ్ విమానాశ్రయం సముద్రమట్టానికి 3,256 మీటర్ల ఎత్తున ఉంది, 10,682 అడుగులు. శ్రీనగర్ విమానాశ్రయం 1,655 మీటర్లే. లేహ్ ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదాంట్లో 72 శాతం. అది కూడా ఆ ఎత్తుకు తగిన చలి, అంటే మైనస్ 6 డిగ్రీలు ఉన్నప్పుడు. ఎండాకాలం మధ్యాహ్నం 25 డిగ్రీలకు చేరితే 65 శాతానికి పడిపోతుంది. అప్పుడు విమానానికి ఆ రన్‌వే 14 వేల అడుగులకు పైన ఉన్నట్టు లెక్క.

పలచని గాలిలో రెక్కలకు పైకి లేపే బలం తగ్గుతుంది, ఇంజన్ల తోపుడూ తగ్గుతుంది. లేవాలంటే నేల మీద ఎక్కువ వేగం అందుకోవాలి. విజయవాడలో లేచే విమానం కంటే లేహ్‌లో లేచే అదే విమానం నేల మీద 18 శాతం ఎక్కువ వేగంతో పరుగెత్తాలి. రన్‌వే పొడవేమో సుమారు 2,750 మీటర్లు. అందుకని బరువు తగ్గించుకోవడమొక్కటే దారి. కొన్ని సీట్లు ఖాళీగా వదిలేస్తారు, ఒక్కోసారి మీ పెట్టె తర్వాతి విమానంలో వస్తుంది. 2024 జూలై ఆఖర్లో లేహ్‌లో ఎండ మామూలు కంటే బాగా పెరిగి, ఈ కారణంతోనే కొన్ని విమానాలు రద్దయ్యాయి.

రెండోది గాలి. పొద్దెక్కేకొద్దీ కొండలు వేడెక్కి సింధు లోయలో ఈదురుగాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి బలపడుతుంది. లేహ్ రన్‌వేకి తూర్పున కొండలు అడ్డం ఉన్నాయి కాబట్టి మామూలుగా పడమటి నుంచి, స్పితుక్ బౌద్ధ మఠం ఉన్న గుట్ట పక్కగా వచ్చి దిగుతారు, లేచేటప్పుడు తిరిగి పడమటికే లేస్తారు. గాలి ఎటు వీస్తే అటు ఎదురు తిరిగి దిగే వెసులుబాటు ఇక్కడ లేదు. దిగేటప్పుడు వెనక నుంచి గాలి తోస్తే పరిమితి దాటగానే విమానం దిగకుండా వెనక్కి పోవాలి. అందుకే పౌర విమానాలన్నీ తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నంలోపు ముగించేలా పెడతారు. ఇక్కడ నడిపే పైలట్లకు ప్రత్యేక శిక్షణ, అర్హత కూడా ఉండాలి.

దీంతో ప్రయాణికుడికి వచ్చే చిక్కు ఒకటుంది. మామూలు ఊరికి వెళ్లే విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే నాలుగు గంటలు ఆలస్యంగా వెళ్తుంది. లేహ్ విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే చాలాసార్లు ఆ రోజుకి రద్దే. రద్దయితే మర్నాటి విమానాలు అప్పటికే నిండి ఉంటాయి. అందుకే లేహ్ నుంచి వచ్చిన రోజే ఢిల్లీలో హైదరాబాద్ విమానానికి విడి టికెట్ తీసుకోకండి. తీసుకోక తప్పకపోతే రెండూ ఒకే బుకింగులో, ఒకే పీఎన్‌ఆర్‌ మీద ఉండాలి. అప్పుడే మొదటిది రద్దయితే రెండోదాన్ని మార్చే బాధ్యత ఎయిర్‌లైన్‌ మీద ఉంటుంది. విడి టికెట్లయితే రెండో టికెట్ డబ్బులు పోయినట్టే.

ఢిల్లీ మీదుగా వెళ్తే 20 గంటలు ఎందుకు

శ్రీనగర్–లేహ్ మధ్య నేరుగా నడిచే సర్వీసులు చాలా తక్కువ, సీజన్‌ను బట్టి వస్తుంటాయి, పోతుంటాయి. మీ తేదీకి నేరు విమానం లేదంటే సైట్లు ఢిల్లీ మీదుగా చూపిస్తాయి. శ్రీనగర్ నుంచి ఢిల్లీ 642, ఢిల్లీ నుంచి లేహ్ 620, వెరసి 1,262 కిలోమీటర్లు ఎగిరి, 256 కిలోమీటర్ల అవతల దిగుతారు.

అంతకంటే పెద్ద ఇబ్బంది సమయాలు కుదరకపోవడం. లేహ్ విమానాలు ఢిల్లీ నుంచి పొద్దున్నే వెళ్లిపోతాయి. శ్రీనగర్ నుంచి పొద్దున బయల్దేరినా మీరు ఢిల్లీ చేరేసరికి ఆ రోజు చివరి లేహ్ విమానం వెళ్లిపోయి ఉంటుంది, లేదా గంట గంటన్నర వ్యవధే మిగులుతుంది. కాబట్టి ఢిల్లీలో రాత్రి ఆగి, తెల్లారగట్ల మూడింటికి లేచి మళ్లీ విమానాశ్రయానికి పరుగెత్తాలి. జూన్‌లో ఢిల్లీ 40 డిగ్రీల ఎండ, మర్నాడు లేహ్ చలి. పెద్దవాళ్లకు ఇది రోడ్డు ప్రయాణం కంటే ఎక్కువ అలసట.

నేరు విమానం దొరికినా సరే, మీ అమ్మానాన్నలకు నేను దాన్ని సూచించను. కారణం ఎత్తు. దాని గురించి రోడ్డు సంగతి చెప్పాక వస్తాను, రెండూ ముడిపడి ఉన్నాయి.

రోడ్డు దారి, ఊరు తర్వాత ఊరు

శ్రీనగర్ (1,585 మీటర్లు) నుంచి సోన్‌మార్గ్ 80 కిలోమీటర్లు, రెండు రెండున్నర గంటలు. ఈ దారిలో 6.5 కిలోమీటర్ల సోన్‌మార్గ్ సొరంగం 2025 జనవరి 13న తెరుచుకుంది, హిమపాతాల భయం ఉన్న పాత ముక్క దీంతో తప్పింది. సోన్‌మార్గ్ ఎత్తు దాదాపు 2,740 మీటర్లు.

అక్కడి నుంచి ఓ 15 కిలోమీటర్లలో జోజిలా, 3,528 మీటర్లు. మొత్తం దారిలో కష్టమైన ముక్క ఇదే. ఒక పక్క నిలువు కొండ, ఇంకో పక్క లోయ, దిగువన బల్తాల్‌లో అమర్‌నాథ్ యాత్రికుల గుడారాలు చీమల్లా కనిపిస్తాయి. రోడ్డు చాలాచోట్ల తారు లేని మట్టి రోడ్డే, లారీల వెనక దుమ్ము, వాన పడితే చక్రాలు కూరుకుపోయే బురద. తిరుమల ఘాట్ రోడ్డులో ఉన్నట్టు గోడలు, రెయిలింగులు ఇక్కడ అంతటా ఉండవు. దూరం కొద్దిదే కానీ గంట నుంచి రెండు గంటలు పడుతుంది. లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయిందంటే ఎంతసేపు అన్నది చెప్పలేం.

జోజిలా మీద ట్రాఫిక్‌ను పోలీసులు వేళల ప్రకారం వదులుతారు. కొన్ని రోజులు ఒకవైపే పంపుతారు, చిన్న బళ్లకు, లారీలకు వేర్వేరు సమయాలు ఉంటాయి. ఫలానా సమయం దాటాక సోన్‌మార్గ్ నుంచి పైకి వదలరు. ఆ వేళలను ముందురోజు సాయంత్రం ట్రాఫిక్ పోలీసులు ప్రకటిస్తారు. మీ డ్రైవర్ దాన్ని చూశాడో లేదో రాత్రి పడుకునే ముందే అడిగి తెలుసుకోండి.

జోజిలాను పొద్దున్నే దాటాలి. పొద్దెక్కేకొద్దీ మంచు కరిగి కొండ మీది వాగులు రోడ్డు మీదకు పొంగుతాయి, నానిన మట్టితో రాళ్లు జారడం మొదలవుతుంది. మధ్యాహ్నం రెండింటికి దాటిన వాగు, పొద్దున ఎనిమిదింటికి చూసిన వాగు ఒకటి కావు. జూన్ మొదట్లో రోడ్డుకు రెండు పక్కలా మంచు గోడలు ఇంకా ఉండొచ్చు, వాటి పక్కన బండి ఆపి ఫొటోలు దిగకండి.

కనుమ దాటాక మినామార్గ్ దగ్గర చెక్‌పోస్టులో పేర్లు రాయించుకుంటారు. ప్రతి ఒక్కరి ఆధార్ జిరాక్సు ఒక కవరులో పెట్టి డ్రైవర్‌కి ఇచ్చి ఉంచితే పని త్వరగా అవుతుంది. శ్రీనగర్–లేహ్ హైవే మీద ప్రయాణానికి మనకు పర్మిట్ అక్కర్లేదు. నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు వైపు వెళ్లేటప్పుడు మాత్రం ఏం కావాలో లేహ్‌లో అడిగి తెలుసుకోండి.

ద్రాస్ శ్రీనగర్ నుంచి సుమారు 145 కిలోమీటర్లు. కార్గిల్ యుద్ధ స్మారకం ఇక్కడే, రోడ్డు పక్కనే ఉంది, టోలోలింగ్ కొండ ఎదురుగా కనిపిస్తుంది. గంట సమయం ఉంచుకోండి. ఇంకో 60 కిలోమీటర్లు వెళ్తే కార్గిల్, 2,676 మీటర్లు. రాత్రి ఆగేది ఇక్కడ. శ్రీనగర్‌లో పొద్దున ఐదింటికి బయల్దేరితే, జోజిలాలో ఆటంకం లేకపోతే, మధ్యాహ్నం ఒంటిగంట రెండు గంటలకు చేరతారు. పెట్రోలు బంకులో ట్యాంకు నింపించండి.

రెండో రోజు కార్గిల్ నుంచి లేహ్ సుమారు 215 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది, ఐదారు గంటలు. ముల్‌బెఖ్‌లో కొండరాతిలో చెక్కిన మైత్రేయ బుద్ధుడు, నమికా లా కనుమ (3,700 మీటర్లు), తర్వాత ఫోటు లా కనుమ. అందరూ జోజిలాకు భయపడతారు కానీ ఈ దారిలో అన్నిటికంటే ఎత్తు ఫోటు లా, 4,108 మీటర్లు. అక్కడ బండి దిగి పరుగులు తీయడం, గాలిపటాల్లా కట్టిన ప్రార్థనా పతాకాల దగ్గరికి గట్టెక్కడం పెద్దవాళ్లతో చేయించకండి. ఐదు నిమిషాలు ఆగి దిగిపోండి. దిగగానే లామాయురు, దాని చుట్టూ మైనపు రంగులో ముడతలు పడ్డ మట్టి కొండలు. మధ్యాహ్న భోజనం ఇక్కడ గానీ ఖల్సేలో గానీ. నిమ్మూ దగ్గర సింధు, జాన్‌స్కార్ నదుల సంగమం రోడ్డు మీంచే కనిపిస్తుంది, అక్కడి నుంచి లేహ్ ఓ 35 కిలోమీటర్లు.

జూలై, ఆగస్టుల్లో వెళ్లేవాళ్లకు ఒక మాట. అమర్‌నాథ్ యాత్ర నడిచే రోజుల్లో శ్రీనగర్–సోన్‌మార్గ్ మధ్య యాత్రికుల కాన్వాయ్‌ల కోసం మిగతా బళ్లను ఆపుతారు. అప్పుడు పైన చెప్పిన సమయాలకు రెండు మూడు గంటలు కలుపుకోవాలి.

చలికాలంలో మంచుతో జోజిలా మూతపడుతుంది. ఒకప్పుడు నెలల తరబడి మూసి ఉండేది. సరిహద్దు రోడ్ల సంస్థ మంచు తీసే పని ముమ్మరం చేశాక 2022లో 73 రోజులకు, 2023లో 68 రోజులకు, 2025లో 32 రోజులకే తెరిచారు. కనుమ కింద 13 కిలోమీటర్ల జోజిలా సొరంగం తవ్వకం పని 2020 అక్టోబరులో మొదలైంది, తవ్వుతున్నది మన హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజనీరింగ్. అది వాడుకలోకి వస్తే ఈ సమాధానంలో జోజిలా గురించి రాసిందంతా తిరగరాయాలి.

బండి సంగతి

కశ్మీర్ టాక్సీ మిమ్మల్ని లేహ్‌లో దింపగలదు, కానీ అక్కడ నుబ్రా, పాంగాంగ్ తిప్పనివ్వరు. స్థానిక టాక్సీ యూనియన్ల నిబంధన అది. కాబట్టి శ్రీనగర్‌లో "మొత్తం ట్రిప్పు మేమే చూసుకుంటాం" అన్నవాళ్లను, లేహ్ చేరాక ఏ బండి, ఎవరి నంబరు ప్లేటు అని అడగండి. లద్దాఖ్ బండి మారుస్తామంటే సరే. అద్దె సెల్ఫ్-డ్రైవ్ కార్లకూ ఇదే చిక్కు.

షేర్ టాక్సీలు తెల్లారకముందే బయల్దేరి ఒక్క రోజులో లేహ్ చేరుస్తామంటాయి. వయసులో ఉన్నవాళ్లకు ఫర్వాలేదేమో గానీ, 13 గంటలు, పైగా రాత్రి చీకట్లో చివరి ముక్క, మీ అమ్మానాన్నలతో వద్దు. పూర్తి బండి మాట్లాడుకుని, కార్గిల్‌లో రాత్రి బస, డ్రైవర్ భోజనం, బస అన్నీ కలిపి ధర ఒకేసారి మాట్లాడేసుకోండి.

వీలుంటే ఇంకో రోజు ఇచ్చి మూడు రోజులు చేయడం ఇంకా మంచిది: మొదటి రాత్రి సోన్‌మార్గ్, రెండో రాత్రి కార్గిల్. సోన్‌మార్గ్‌లో నిద్ర లేస్తే జోజిలా వేళకి ముందు వరుసలో ఉంటారు, తెల్లవారుజామున నాలుగింటికి లేచే బాధ లేదు.

ఎత్తు: రోడ్డు మీద వెళ్లమన్నది దీనికోసమే

లేహ్ ఊరు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో 65 శాతం. ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకే. ఢిల్లీ నుంచి విమానంలో వస్తే గంటంపావులో 200 మీటర్ల నుంచి 3,500కి వచ్చిపడతారు. శరీరం సర్దుకోవడానికి రోజులు కావాలి, మీరు గంట ఇచ్చారు. రోడ్డు మీద శ్రీనగర్‌లో రెండు మూడు రాత్రులు 1,585 మీటర్ల దగ్గర, తర్వాత ఒకటి రెండు రాత్రులు 2,700 దగ్గర గడిపి వెళ్తే ఊపిరితిత్తులు, రక్తం మెల్లగా అలవాటు పడతాయి. రోడ్డు మీద వెళ్తే ఎత్తు జబ్బు అసలు రాదని కాదు, వచ్చే అవకాశం తగ్గుతుంది.

లేహ్ చేరాక ఎలా వచ్చినా సరే మొదటి 24 గంటలు, విమానంలో వస్తే 48 గంటలు, విశ్రాంతి. అంటే హోటల్ గదిలో పడుకుని ఉండటం, నెమ్మదిగా వరండాలో నడవడం. లేహ్ ప్యాలెస్, శాంతి స్తూపం మెట్లు మొదటి రోజు ఎక్కకండి. రెండో రోజే 5,359 మీటర్ల ఖార్‌దుంగ్ లా ఎక్కించే ప్యాకేజీలు కనిపిస్తాయి, పెద్దవాళ్లున్నప్పుడు వాటిని ఒప్పుకోవద్దు. గది కింది అంతస్తులో అడగండి. ఒక్క అంతస్తు మెట్లెక్కితేనే గుండె దడదడలాడటం మొదటి రోజు అందరికీ ఉంటుంది.

నివారణకు అసిటజోలమైడ్, మన దుకాణాల్లో డయామాక్స్ పేరుతో దొరికేది, పెద్దలకు మామూలుగా 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఎత్తుకు వెళ్లే ముందురోజు నుంచి మొదలుపెడతారు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం దాని ప్రభావమే, కంగారుపడకండి. కానీ సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, బీపీకో గుండెకో మందులు వాడేవాళ్లు సొంతంగా వేసుకోకూడదు. అరవై దాటినవాళ్లు కదా, హైదరాబాద్‌లోనే మీ డాక్టరు గారికి "లేహ్, 3,500 మీటర్లు, ఇన్ని రోజులు" అని అంకెలతో చెప్పి, వాడుతున్న మందుల చీటీ చూపించి అడగండి. గుండె నొప్పి, స్టెంట్, ఆయాసం చరిత్ర ఉంటే ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం తొలి లక్షణాలు. అక్కడే ఆగి విశ్రాంతి తీసుకోవాలి, ఇంకా పైకి ఎక్కకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గుతో నురగ రావడం, నడకలో తూలడం, మాట తడబడటం కనిపిస్తే అది ప్రమాదం. రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, కిందికి దించే ఏర్పాటు చేయాలి. లేహ్‌లోని ఎస్‌ఎన్‌ఎం ఆసుపత్రి వాళ్లకు ఇలాంటి కేసులు చూడటం అలవాటే. చవకబారు వేలి ఆక్సీమీటర్ బొమ్మలు కాకుండా సరిగా పనిచేసేది ఒకటి దగ్గర ఉంచుకోండి, కానీ అంకె బాగుందని లక్షణాలను కొట్టిపారేయకండి.

సామాను, ఫోను, విమానాశ్రయం

మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. వెళ్లే ముందు ఇంట్లో ఒకరిదైనా మార్పించండి. జోజిలా చుట్టుపక్కల సిగ్నలు అందకపోవచ్చు, ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి.

ఆవకాయ, పొడులు తీసుకెళ్తారు కదా. గాలి ఒత్తిడి తగ్గేసరికి మూసిన డబ్బాలోని గాలి వ్యాకోచించి నూనెను బయటికి తోస్తుంది. చిప్స్ ప్యాకెట్ బెలూనులా ఉబ్బడం ఫోటు లా మీద కళ్లారా చూడొచ్చు. డబ్బాను నిండా నింపకండి, మూత కింద పాలిథిన్ కాగితం వేసి బిగించి, విడిగా ఒక కవరులో కట్టండి. విమానంలో పచ్చడిని క్యాబిన్‌లోకి రానివ్వరు, చెక్-ఇన్‌ సామానులో వేయండి. లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో అన్నం సరిగా ఉడకదు. గదిలో వండుకునే ఉద్దేశం ఉంటే ప్రెషర్ కుక్కరే పనికొస్తుంది.

మందులు, మందుల చీటీ, ఒక స్వెట్టరు మాత్రం చేతి సంచిలోనే. బరువు తగ్గించడానికి పెట్టెలు దించే ఊరు ఇది, రోజువారీ బీపీ మాత్రలు ఆ పెట్టెలో ఉండకూడదు.

లేహ్‌లో తిరుగు విమానానికి రెండున్నర మూడు గంటల ముందే చేరండి. అన్ని విమానాలూ పొద్దుటి కొద్ది గంటల్లోనే పోవడంతో అందరూ ఒకేసారి వస్తారు, తనిఖీలు కూడా ఎక్కువ. చెక్-ఇన్ చేసిన సామానును ఎక్కేముందు చూపించి గుర్తించమంటే తప్పక గుర్తించండి, లేకపోతే ఆ పెట్టెను ఎక్కించరు. అప్పటికప్పుడు ఏ కౌంటర్‌లో అడగాలో వెతుక్కోకుండా బోర్డింగ్ పాస్‌కి అంటించిన బ్యాగేజీ చీటీని చేతిలోనే ఉంచుకోండి.

టికెట్ కొనేటప్పుడు లేహ్ నుంచి ఆ రోజు మొదటి విమానం చూడండి. మొదటిది ఆలస్యమైనా గాలి లేచేలోపు ఇంకా సమయం మిగులుతుంది, పదకొండింటి విమానానికి ఆ వెసులుబాటు లేదు. ఢిల్లీలో ఆ రాత్రికి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గది ఒకటి బుక్ చేసి, హైదరాబాద్ విమానం మర్నాటికి పెట్టుకోండి.